గాలి పైపు పంచాయితీ: నల్లగొండలో మా ఇంటి ప్లంబింగ్ డైరీ

జనవరి చివర, లోపలి గోడలు లేచాక

పానగల్లు రోడ్డు వైపు రెండు వందల గజాల జాగలో ఇల్లు కడుతున్నాం. కింద అమ్మ, నాయిన ఉంటారు. పైన మేము. రెండు స్లాబులూ పడ్డాయి, లోపలి గోడలూ లేచాయి. కరెంటు పని మా బావమరిది చూసుకుంటున్నాడు. నీళ్ల పని నా నెత్తిన పడింది.

ప్లంబర్ అన్న వచ్చి సుద్దముక్కతో గోడల మీదే ప్లాన్ గీసేశాడు. నల్లాలు ఎక్కడ, గీజర్ ఎక్కడ, షవర్ ఎంత ఎత్తులో, అన్నీ పావుగంటలో తేలిపోయాయి. వేడి నీళ్లు ఎడమ పక్క, చల్లవి కుడి పక్క, మిక్సర్‌కు రెండు పాయింట్ల మధ్య ఆరు ఇంచులు. ఇవన్నీ ఆయనకు కొట్టిన పిండి. నీళ్లు వచ్చే దారి గురించి ఏది అడిగినా టక్కున చెప్పాడు. నీళ్లు పోయే దారి దగ్గరే మాట తేడా వచ్చింది. కమోడ్ నుంచి వచ్చే నాలుగించుల పైపు, బాత్రూం నీళ్లు పోయే మూడించుల పైపు, రెండూ పై అంతస్తు బాత్రూం దగ్గర ఒక ఎల్బోతో ఆగిపోయాయి.

"అన్నా, ఇవి మిద్దె మీదికి పోవా?" అన్నాను.

"మీదికెందుకు సార్? నీళ్లు కిందికే పోతయి గదా."

"గాలికి."

"సెప్టిక్ ట్యాంకు కాడ గాలి పైపు పెడ్తున్నం గదా, సాలదా?"

చాలదు. ఎందుకు చాలదో ఆయనకూ నాయినకూ చెప్పి ఒప్పించడమే ఈ డైరీలో సగం. ఆ పక్కనే కూర్చున్న నాయిన అప్పుడే తీర్పు ఇచ్చేశాడు: "నీళ్లు పోని పైపుకు పైసలెందుకు పెడ్తవ్ రా?"

ఫిబ్రవరి, రెండు నీళ్ల లెక్క

ముందు వచ్చే నీళ్ల సంగతి తేల్చుకున్నాం. మన జిల్లాలో ఇల్లు కట్టేవాడికి ఒక నీళ్లు కాదు, రెండు నీళ్లు. బోరు ఒకటి, నల్లా ఒకటి.

అమ్మ పుట్టిల్లు మర్రిగూడ వైపు. ఆ వైపు బోరు నీళ్లు ఏం చేశాయో పళ్ల మీది గార, వంగిపోయిన మోకాళ్లు చూసి పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చని భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారు చేస్తే దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు స్థిరపడింది. పేరు మనది, కష్టమూ మనదే. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన వాటర్ గ్రిడ్డే తర్వాత మిషన్ భగీరథ అయింది. నల్లాలో కృష్ణ నీళ్లు వస్తున్నాక అమ్మకు బోరు నీళ్లతో బియ్యం కడగడం కూడా ఇష్టం లేదు. కాచి తాగితే పోతుంది కదా అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. కాస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై, మిగిలినదాంట్లో ఇంకాస్త చిక్కబడుతుంది.

అందుకని రెండు లైన్లు పూర్తిగా వేరు. నల్లా నీళ్లు చిన్న సంపులోకి, అక్కడి నుంచి మిద్దె మీద 500 లీటర్ల ట్యాంకుకు, అక్కడి నుంచి రెండు వంటిళ్లకు మాత్రమే. బోరు నీళ్లు 1000 లీటర్ల ట్యాంకుకు, అక్కడి నుంచి బాత్రూములకు, బట్టల మిషన్‌కు, మొక్కలకు. మనిషికి రోజుకు 135 లీటర్లని ఇంజనీర్లు లెక్క వేస్తారు. ఐదుగురికి 675. వెయ్యి ట్యాంకు సరిపోతుంది, కరెంటు పోయిన రోజున కూడా.

ఇక్కడ ప్లంబర్ అన్న మంచి మనసుతో ఒక సలహా ఇచ్చాడు. రెండు ట్యాంకుల మధ్య ఒక పైపు వేసి వాల్వ్ పెడదాం, నల్లా రాని రోజు వాల్వ్ తిప్పుకుంటే వంటింటికి బోరు నీళ్లు వస్తాయని. మా కాలనీలో చాలా ఇళ్లలో అలాగే ఉంది. వద్దన్నాను. వాల్వ్ ఏదో ఒకనాడు సరిగా పట్టదు, లేకపోతే ఎవరో తిప్పి మరిచిపోతారు. ఆ తర్వాత తాగే నీళ్లలో ఏం కలుస్తోందో కంటికి కనబడదు. వేరు అంటే మధ్యలో పైపే ఉండకూడదు.

ఇంకో జాగ్రత్త కూడా ఇలాంటిదే. సంపులోకి నల్లా పైపు నీళ్లలో మునిగి ఉండకూడదు. ఫ్లోట్ వాల్వ్ మూతి, ఓవర్‌ఫ్లో రంధ్రం కన్నా పైన ఉండాలి. వీధిలో సప్లై ఆగి మెయిన్ పైపు ఖాళీ అవుతున్నప్పుడు అందులో పీల్చే గుణం పుడుతుంది. అప్పుడు మన పైపు మూతి నీళ్లలో ఉంటే సంపులో నీళ్లు వీధి పైపులోకి వెనక్కి పోతాయి. ఎరువు కలిపిన బకెట్లో ముంచి వదిలేసిన రబ్బరు పైపు కూడా ఇదే పని చేస్తుంది. నల్లా లైనుకే మోటరు బిగించి లాగేవాళ్లయితే ఈ పీల్చుడును చేతులారా పుట్టిస్తున్నట్టు: కారుతున్న జాయింట్లలోంచి మోరి నీళ్లు లోపలికి వస్తాయి. మధ్యలో జానెడు గాలి ఉంటే ఈ బాధలేవీ లేవు.

ఫిబ్రవరి చివర, ప్రెషర్ గొడవ

మా ఆవిడకు పైన పెద్ద వాన షవర్ కావాలి. షాపులో పళ్లెమంత వెడల్పుది చూసి వచ్చింది. లెక్క వేసి చూపించాను. ట్యాంకు స్టాండ్ మిద్దె నుంచి నాలుగు అడుగులు. స్లాబు మందం అర అడుగు. సీలింగ్ నుంచి షవర్ మూడు అడుగుల కింద. మొత్తం ఏడున్నర అడుగులు, అంటే సుమారు 2.3 మీటర్లు. పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ చొప్పున ఇది 0.23 బార్. అదే కింది అంతస్తులో పదిన్నర అడుగులు అదనంగా వస్తాయి కాబట్టి 0.55 దాకా ఉంటుంది. ట్యాంకు పక్కనే ఉన్న పై బాత్రూంలో ధార సన్నగా, దూరంగా ఉన్న కింది దాంట్లో జోరుగా వచ్చేది ఇందుకే.

"అయితే లావు పైపు వేయించు" అంది. అందరూ అనే మాటే. పైపు లావైతే ప్రెషర్ పెరగదు, పారేటప్పుడు రాపిడిలో పోయేది తగ్గుతుంది, అంతే. కదలని నీళ్ల ప్రెషర్ ఎత్తుకే కట్టుబడి ఉంటుంది. ట్యాంకు నుంచి దిగే లైను ఇంచుంపావు, బాత్రూంలోకి ముప్పావు ఇంచు, నల్లా దగ్గర అర ఇంచు పెట్టాం. ఎల్బోలు ఎంత తక్కువైతే అంత మేలు. షవర్ మామూలుదే. కావాలంటే రేపు ప్రెషర్ పంపు పెట్టుకోవడానికి ట్యాంకు కింద ప్లగ్ పాయింటు ఒకటి వదిలించాను. ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.

ఈ దిగే లైను దగ్గర నాకు మంచి ఆయుధం దొరికింది. ట్యాంకు వాల్వ్ దాటగానే ప్లంబర్ అన్న ఒక టీ వేసి, సన్న పైపును ట్యాంకు కన్నా ఎత్తుగా లేపి, పైన వంకీ తిప్పాడు. నేను అడగలేదు, డ్రాయింగ్‌లో కూడా లేదు.

"ఇదేందన్నా?"

"ఎయిర్ పైపు సార్. ఇది లేకుంటే గాలి పట్టుకుంటది, నల్లా దగ్గుతది."

"మరి దీంట్లోంచి నీళ్లు పోతాయా?"

"నీళ్లెట్ల పోతయి? గాలికే గదా..." అని ఆగి నవ్వాడు. మోరి పైపు సంగతి ఆ నవ్వుతో సగం తేలింది. నాయిన సంగతి మిగిలింది.

మార్చి, జాయింట్లు, టెస్టు

లోపలి లైన్లన్నీ సీపీవీసీ. యూపీవీసీ వేడి నీళ్లకు ఆగదు, సీపీవీసీ గీజర్ నీళ్లకు తట్టుకుంటుంది. దీని సొల్యూషన్ వేరు, మామూలు పీవీసీ సొల్యూషన్‌తో అతికిస్తే పట్టినట్టే కనిపించి తర్వాత ఏడిపిస్తుంది. పైపును నిటారుగా కోసి, అంచు పొట్టు గీకి, ఫిట్టింగ్‌లోకి ఎంత దూరం దిగాలో పెన్సిల్‌తో గీత పెట్టి, రెండు వైపులా సొల్యూషన్ పూసి, దూర్చేటప్పుడు పావు తిప్పు తిప్పి అర నిమిషం అదిమి పట్టుకోవాలి. వదిలేస్తే పైపు మెల్లగా వెనక్కి జారుతుంది, అది నేను కళ్లారా చూశాను. మార్చిలోనే మన దగ్గర ఎండ ఎట్లుంటుందో తెలిసిందే. ఎండలో కాలిన పైపు మీద సొల్యూషన్ పూయగానే ఆరిపోతోంది. అందుకని పైపులన్నీ లోపలి గదిలోకి చేర్చి, జాయింట్లు పొద్దున్నే పెట్టారు.

ప్లాస్టరింగ్‌కు ముందు అన్ని పాయింట్లకూ ప్లగ్గులు బిగించి చేతి పంపుతో ప్రెషర్ ఎక్కించాం. మొదట గేజ్ ముల్లు ఎగిరెగిరి పడింది. లైనులో గాలి ఉంటే అంతే. దూరపు ప్లగ్గు వదులు చేసి గాలి పోయేదాకా నీళ్లు వదిలాక ముల్లు బుద్ధిగా నిలబడింది. సాయంత్రానికి కాస్త దిగింది. వెతికితే పై బాత్రూంలో ఒక ఇత్తడి ఎల్బో మరల దగ్గర చెమట పట్టినట్టు తడి. టెఫ్లాన్ టేపు ఇంకో రెండు చుట్లు పడ్డాక మర్నాటికి ముల్లు కదల్లేదు. టైల్స్ వేశాక ఇదే తడి బయటపడితే ఏమయ్యేదో తలచుకుంటేనే టెన్షన్.

మార్చి చివర, పోయే నీళ్లు

పై బాత్రూంకు స్లాబు తొమ్మిది ఇంచులు కిందికి దించి పోశారు. పైపులు, ట్రాపులు (మోరి వాసన ఆపడానికి నీళ్లు నిలిచి ఉండే గిన్నెలు) ఆ గుంతలో పడుకుంటాయి. ముందు వాటర్‌ప్రూఫింగ్, తర్వాత పైపులు.

వాలు పది అడుగులకు రెండున్నర ఇంచులు. మా బాత్రూం నుంచి బయటి నిలువు పైపుకు ఆరు అడుగులే కాబట్టి ఒకటిన్నర ఇంచు. మేస్త్రీ కంటి లెక్కన పెడతానంటే నీళ్ల ట్యూబ్ లెవెల్ పట్టించాను. వాలు తక్కువైతే మడ్డి కూరుకుంటుంది. ఎక్కువైతే మంచిదే కదా అనిపిస్తుంది గానీ, కమోడ్ పైపులో నీళ్లు ముందు ఉరికిపోయి అసలు సరుకు వెనక మిగిలిపోతుందని ప్లంబర్ అన్న కూడా ఒప్పుకున్నాడు. నిలువు పైపు కింద అడ్డం తిరిగే చోట ఒక్క 90 బెండు కాకుండా రెండు 45లు వేయించాను. మలుపుల దగ్గర డోర్ బెండ్లు, పైపు చెత్త పట్టినప్పుడు మూత విప్పి కర్ర దూర్చుకోవడానికి. కింది అంతస్తు కమోడ్‌ను ఈ నిలువు పైపుకు కలపలేదు, నేరుగా బయట మురికి పైపులు కలిసే తొట్టికి, అంటే చాంబర్‌కు వేశాం. పై నుంచి దూకి వచ్చే నీళ్లు పైపు అడుగున గాలిని తోస్తాయి. ఆ తోపుకు కింద కమోడ్‌లో నీళ్లు గుడగుడమని పొంగి, ఒక్కోసారి బయటికి చిమ్ముతాయి. వంటింటి సింకు, బాత్రూం నీళ్లు బయట గల్లీ ట్రాప్‌లో పడి, అక్కడి నుంచి చాంబర్‌కు పోతాయి.

సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో, సంపులు ఈశాన్యంలో. ఇది నాయిన పట్టుబట్టి వాస్తు ప్రకారం పెట్టించింది. నేను అడ్డం చెప్పలేదు. తాగే నీళ్లకూ ఆ ట్యాంకుకూ మధ్య జాగాలో ఉన్నంతలో దూరం దొరికింది, కారణం ఏదైతేనేం.

ఏప్రిల్, నాయిన ముందు పరీక్ష

గాలి పైపు పంచాయితీ ఇక తేల్చాలి. చెబితే వినడు, చూస్తే నమ్ముతాడు. మూడించుల పైపును మిద్దె మీదికి తాత్కాలికంగా లేపించాను, సొల్యూషన్ లేకుండా ఊరికే దూర్చి.

ముందు విషయం చెప్పుకుందాం. బాత్రూం నేలలో ఉండే నహానీ ట్రాప్‌లో ఎప్పుడూ రెండించులు, అంటే 50 మిల్లీమీటర్ల నీళ్లు నిలిచి ఉంటాయి. ఇంట్లోకి మోరి వాసన, బొద్దింకలు రాకుండా ఆపేది ఆ రెండించుల నీళ్లే, ఇంకేమీ లేదు. దాన్ని లాగేయడానికి ఎంత బలం కావాలి? బార్‌లో రెండు వందల్లో ఒక వంతు. షవర్‌కు చాలదని మా ఆవిడ ముక్కు విరిచిన ప్రెషర్‌లో నలభయ్యో వంతు కూడా కాదు. నిలువు పైపులో ఒక బకెట్ నీళ్లు ఒక్కసారి పడితే, పోతూ పోతూ గాలిని కూడా కిందికి ఈడ్చుకుపోతాయి. ఆ ఖాళీలోకి పై నుంచి కొత్త గాలి రావాలి. పైన దారి మూసుకుపోతే ఎక్కడ దొరికితే అక్కడి నుంచి లాగుతుంది. దొరికేది ట్రాపుల్లోంచే. సెప్టిక్ ట్యాంకు దగ్గరి గాలి పైపు పడే నీళ్లకు దిగువన ఉంది, పైన పుట్టిన ఖాళీకి అది అందదు.

బాత్రూం ట్రాప్‌లో నీళ్లు నింపి, లోపలి గోడ మీద మార్కర్‌తో గీత పెట్టాను. మిద్దె మీద పైపు మూతికి పాలిథిన్ కవరు బిగించి రబ్బరు బ్యాండ్ వేశాం. ప్లంబర్ అన్న బట్టల మిషన్ పెట్టే చోట ట్రాప్‌లో రెండు బకెట్లు వెంట వెంటనే గుమ్మరించాడు. నాయిన టార్చ్ పట్టుకుని బాత్రూం ట్రాప్ మీద వంగి ఉన్నాడు. నీళ్ల మట్టం ముందు చిన్నగా వణికింది. తర్వాత మధ్యలో గుంట పడినట్టు కిందికి లాగింది. గుటుక్కుమని ఒక చప్పుడు, దాని వెనకే బుడగలు. నిమ్మళించాక చూస్తే మట్టం గీతకు బొటనవేలి గోరంత కిందికి దిగి ఉంది. మళ్లీ రెండు బకెట్లు, మళ్లీ గుటుక్కు, ఇంకాస్త కిందికి. మిద్దె మీదికి పోయి చూస్తే కవరు లోపలికి పీక్కుపోయి ఉంది.

కవరు తీసేశాం. ట్రాప్ గీత దాకా నింపి మళ్లీ అదే పని. మట్టం వణికింది, కానీ గీత దగ్గరే నిలబడింది.

నాయిన టార్చ్ ఆర్పి లేచాడు. తప్పు అనలేదు, ఒప్పు అనలేదు. "పైపు మూతికి జాలీ కట్టుండ్రి, దోమలు పడ్తయి" అన్నాడు. మంచి మాట, సెప్టిక్ ట్యాంకు గాలి పైపుకైతే మరీ ముఖ్యం. అక్కడ జాలీ లేకపోతే దోమల ఫ్యాక్టరీ పెట్టినట్టే. అదే రోజు రెంటికీ సన్న నైలాన్ జాలీ కట్టాం.

మా కాలనీలో ఒక కొత్త ఇంట్లో ఎప్పుడూ అగరుబత్తి వెలుగుతూనే ఉంటుంది. ఫినాయిల్ డబ్బా బాత్రూం గుమ్మంలోనే. వాసన ఎక్కడిదో తెలియక టైల్స్ కూడా ఒకసారి పీకించారు. వాళ్ల మిద్దె ఎక్కి చూశాను, మోరి పైపు ఒక్కటీ పైకి రాలేదు. ఇది ఒక్కటే కారణమని తేల్చి చెప్పలేను గానీ, మా పరీక్ష సంగతి వాళ్లకు చెప్పాను.

ఏప్రిల్ నడిమిట్లో

నాలుగించుల పైపు, మూడించుల పైపు, రెండూ మిద్దె దాటాయి. గాలి మాత్రమే పోయే పై ముక్కకు ఎస్‌డబ్ల్యూఆర్ (మురికి నీళ్ల పీవీసీ పైపు) రకంలో ఏ టైప్ చాలు, కింద మురికి పారేదానికి మందంగా ఉండే బి టైప్. షాపువాడు అడక్కుండానే అంతా బి టైప్ కొలిచాడు, పై ముక్కల వరకు మార్పించాను. ఖర్చు గురించి నాయిన అడగకముందే బిల్లు చూపించాను: మొత్తం ప్లంబింగ్ సామానులో ఈ గాలి ముక్కలు అడుగున ఎక్కడో ఉన్నాయి, ఒక్క మిక్సర్ ధర కూడా కాదు.

ఎత్తు విషయంలో మేస్త్రీ మూరెడు చాలన్నాడు. మేం ఎండాకాలం మిద్దె మీదే పడుకుంటాం, వడియాలు అక్కడే ఎండబెడతాం. మనుషులు తిరిగే మిద్దె అయితే గాలి పైపు మనిషి తల కన్నా బాగా ఎత్తుకు పోవాలి, కిటికీల దగ్గర తెరుచుకోకూడదు. అంత పొడుగు పైపు గాలికి ఊగుతుందని మెట్ల గది గోడకు క్లాంపులు కొట్టించాం. వాన నీళ్ల పైపులను ఈ పైపులకు కలపలేదు. అవి వేరుగా దిగి ఇంకుడు గుంతకు పోతాయి. మేస్త్రీ ఒకసారి కలపబోయాడు, "దగ్గర్ల ఉంది గదా సార్" అని. పెద్ద వాన పడితే పైపు నిండా నీళ్లే, గాలికి చోటుండదు, సెప్టిక్ ట్యాంకు కూడా పొంగుతుంది.

పైపు అడుగున ప్లగ్గు వేసి నీళ్లు నింపి రాత్రంతా ఉంచాం. పొద్దునకు మట్టం దిగలేదు. గుంతను ఇటుక ముక్కలతో పూడ్చారు.

మే

టైల్స్ అయిపోయాయి. కమోడ్లు కూర్చున్నాయి. పైన మేం చేరేది దసరాకు. ఈ ఎండలకు వాడని ట్రాపుల్లో నీళ్లు ఇట్టే ఎండిపోతాయి, అప్పుడు ఎంత మంచి గాలి పైపు ఉన్నా వాసన నేరుగా వస్తుంది. ప్రతి ట్రాప్‌లో నీళ్లు నింపి పైన రెండు చెంచాల కొబ్బరి నూనె వేశాను. నూనె పొర ఉంటే ఆవిరి కావడం తగ్గుతుంది. అమ్మ చూసి "మంచి నూనె మోరిల పోస్తున్నవా?" అంది, నేను వినిపించుకోలేదు.

మిగిలినవి: వంటింటి గ్రానైట్ వచ్చాక సింకు బిగించాలి, బాటిల్ ట్రాప్ కొని పెట్టాను. గీజర్ చల్ల నీళ్ల వైపు ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి పోకుండా ఆపే వాల్వ్) తేవాలి. నల్లా కనెక్షన్ కాగితాలు మునిసిపాలిటీలో ఇచ్చాం. అది వచ్చేదాకా 500 లీటర్ల ట్యాంకు ఖాళీగానే ఉంటుంది. ఈలోపు దాంట్లోకి బోరు నీళ్లు ఎక్కిద్దామని ప్లంబర్ అన్న నిన్న మళ్లీ అడిగాడు. ఈసారి నాకన్నా ముందు నాయినే వద్దన్నాడు.